కథా రచన కోర్సులు కొనేవాళ్లూ, ఇది చదివాకే డబ్బు కట్టండి

కథను ఎవరి వైపు నుంచి చెప్పాలో నేర్పిస్తామంటూ ఒక ఆన్‌లైన్ కోర్సు ప్రకటన ఇన్‌స్టాలో తెగ తిరుగుతోంది. 2,999 రూపాయలు. 'మీ కథ చదివి, సరైన దృష్టికోణం సూచించి, దగ్గరుండి తిరగరాయిస్తాం' అన్నారు. ఆ ఒక్క మాట చూసే కట్టాను. పేరు రాయను గానీ, ఏం జరిగిందో చెప్తాను.

వీడియోల నిండా ఒకటే సూత్రం: 'నేను' అని రాస్తే పాఠకుడు దగ్గరవుతాడు, కాబట్టి అన్నీ ఉత్తమ పురుషలోనే రాయండి. ఎప్పుడు పనికిరాదో ఊసే లేదు. గురజాడ 'దిద్దుబాటు' తీసుకోండి, 1910 నాటి కథ. రాత్రి పొద్దుపోయి ఇల్లు చేరిన గోపాలరావు వెంటే మనమూ గదిలోకి వెళ్తాం, అతని భార్య కమలిని ఉత్తరం అతనితో పాటే చదువుతాం. ఆవిడ మంచం కింద ఉన్న సంగతి అతనికి తెలీదు, అందుకే మనకూ తెలీదు. అదే కథను కమలిని చేత 'నేను' అని చెప్పిస్తే గుట్టు అక్కడే రట్టవుతుంది. గురజాడ వాడింది ప్రథమ పురుషే, అంటే 'అతను', 'ఆమె' అని చెప్పే పద్ధతే, అయినా చూపు గోపాలరావుది. కథ చెప్పే గొంతు ఎవరిది, చూసే కళ్లు ఎవరివి అనేవి వేర్వేరు ప్రశ్నలు. కోర్సులో రెంటినీ కలిపేశారు. గ్రూపులో అడిగితే జవాబుగా దణ్ణం ఎమోజీ వచ్చింది.

ఇక నా కథ దిద్దిన తీరు చూడాలి. 'అతను' ఉన్న చోటల్లా 'నేను' పెట్టి పంపారు, క్రియలు ముట్టుకోలేదు. 'నేను కిటికీ పక్కన కూర్చుని నవ్వాడు' అని ఉంది! పోనీ అది అచ్చుతప్పు అనుకుందాం. నా కథలో కొడుకు కోదాడ దాటిన బస్సులో ఉంటాడు, ఊళ్లో వంటింట్లో అమ్మ కొంగుతో కళ్లొత్తుకుంటుంది. కొత్త ప్రతిలో అదంతా చెప్పేది కొడుకే. బస్సులోంచి వాడికెలా కనిపించిందట? మనిషన్నవాడు చదివి ఉంటే ఇది దాటిపోదు.

డబ్బు వెనక్కి అడిగితే 'డిజిటల్ ప్రొడక్ట్, నో రిఫండ్' అన్నారు. కొనేముందు ఆ ముక్క ఎక్కడా కనిపించలేదు. ప్రకటన స్క్రీన్‌షాట్, యూపీఐ రసీదు దగ్గర పెట్టుకుని 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు చేశాను. ఇంకా ఏమీ తేలలేదు.

మీరెవరైనా ఇలాంటిది కొనాలనుకుంటే డెమో వీడియోలతో సరిపెట్టుకోకండి. వాళ్లు దిద్దిన కథ ఒకటి, దిద్దకముందు ప్రతితో సహా చూపించమనండి. దిద్దేవాళ్లెవరో పేరు కూడా అడగండి. నాకైతే ఇప్పటికీ చెప్పలేదు.