డీజిల్‌లో నీళ్లు: మందు పొయ్యాలా, సెపరేటర్ పెట్టాలా?

వానలు మొదలైతే చాలు, దిండి వైపు బోట్లున్నవాళ్లు నన్ను అడిగేది ఒకటే. ట్యాంకులో మందు పొయ్యమంటారా, వాటర్ సెపరేటర్ (ట్యాంకుకీ ఇంజిన్‌కీ మధ్య డీజిల్‌లోంచి నీళ్లని విడగొట్టే ఫిల్టరు) పెట్టించమంటారా అని. మాది ఆదివారాలు ఇంటిల్లిపాదీ తిరిగే చిన్న బోటు. ఈ ఏడాది నేనూ తేల్చుకోవాల్సి వచ్చింది.

మందు సుఖం. మూతతో కొలిచి పోస్తే పనైపోయింది. డీజిల్‌లో పెరిగే క్రిముల్ని చంపుతుంది, అబద్ధం లేదు. మరి చచ్చిన మడ్డి ఎక్కడికి పోతుంది? అడుగునే ఉండి, బోటు ఊగినప్పుడల్లా లేచి ఫిల్టరుకి పట్టేస్తుంది. మందు పోసిన నాలుగో రోజున, చించినాడ వంతెన దిగువన, నీళ్లు సముద్రం వైపు లాగే మంచి పాటు మీద మా ఇంజిను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. లంగరేసి ఫిల్టరు విప్పితే నల్లటి జిగురు, వేళ్లకు వంకాయ పులుసులా అంటుకుంది.

ఆ క్రిములు బతికేది డీజిల్‌కీ, దాని అడుగున చేరిన నీళ్లకీ మధ్య పొరలో. నీళ్లు లేకపోతే వాటికి కాపురమే లేదు. సగం ఖాళీ ట్యాంకు పగలు వేడెక్కి రాత్రి చల్లబడుతూ మన కోనసీమ తేమనంతా పీల్చుకుంటుంది. డెక్కు మీది మూతలో రబ్బరు వాషరు పగిలిందా, వాన నీళ్లు సరేసరి.

అందుకే నా ఓటు సెపరేటర్‌కి. అడుగున లోపల కనబడే గిన్నె ఉన్నదే కొనండి. నీళ్లు బరువు కాబట్టి కిందికి దిగి, పైన డీజిల్‌తో గీత గీసినట్టు విడిగా కనిపిస్తాయి. పొద్దున్నే స్టార్ట్ చేసే ముందు కింది మర వదులు చేసి, ఒట్టి డీజిల్ వచ్చేదాకా సీసాలోకి పట్టాలి (గోదాట్లోకి కాదు). లోపలికి గాలి పోతే పంపు కొట్టి తీసేయాలి, అదొక్కటే విసుగు. నీళ్లని డీజిల్‌లో కలిపేసే రకం మందులు మాత్రం దీంతో వాడకండి. విడిపోవాల్సిన నీళ్లు తప్పించుకుని ఇంజిన్‌లోకి పోతాయి.

ఇంజిన్‌కి డీజిల్ లాగే గొట్టం అందుకోని ట్యాంకు అడుగు నీళ్లు సెపరేటర్‌కీ దొరకవు. అవి చేతిపంపుతో లాగాల్సిందే.

గుడ్డతో వడకట్టడం ఇసుక వరకే. డీజిల్‌ని తిప్పి తిప్పి శుభ్రం చేసే యంత్రాలు పెద్ద బోట్లకి.

మందు సీసా నేను పారేయలేదు. బోటు రెండు నెలలు కట్టేసేటప్పుడు అడుగు నీళ్లు లాగి, ట్యాంకు నిండా కొట్టించి, ఒక మోతాదు పోస్తున్నాను.