జాగ్రత్త! ‘గోదావరి నేటివ్’ నాచు కుండీల పేరుతో పచ్చి మోసం

కడుపు మండిపోయి రాస్తున్నాను. ఇన్‌స్టాలో ‘గోదావరి నేటివ్’ అంటూ చిన్న మట్టి కుండీల్లో ఫెర్న్, నాచు, లైకెన్ (బెరడు మీద, రాళ్ల మీద మచ్చల్లా పెరిగేది) పెట్టి అమ్మే పేజీ ఉంది కదా, రోజుకో రీల్ పెడతాడు, వెనకాల కాలువ, కొబ్బరిచెట్లు, ముందు అరచేతిలో పచ్చటి కుండీ... ఆ పేజీయే. మొక్కలు పెంచేవాళ్లలో అది చూడనివాళ్లు లేరు. దయచేసి అతని దగ్గర ఏదీ కొనకండి. కొందామని డబ్బులు పక్కన పెట్టుకున్నవాళ్లుంటే ఆగండి. ఫిర్యాదు పెట్టాను కాబట్టి అది తేలేదాకా అతని పేరు రాయొద్దని మా ఆయన అన్నారు. రాయడం లేదు. చదివితే ఎవరో మీకే తెలుస్తుంది.

మా మావయ్యగారు ఇరిగేషన్‌లో లస్కరు, అంటే కాలువలూ లాకులూ (నీళ్లు ఆపి వదిలే తలుపుల కట్టడాలు) చూసుకునే ఉద్యోగం. ఉద్యోగమంతా మధ్య డెల్టా కాలువల మీద, లాకుల దగ్గరే గడిచింది. పక్షవాతం వచ్చాక మంచం దిగలేరు. అమలాపురంలో మా ఇంట్లో కిటికీ పక్కన ఆయనకి మంచం వేశాం. కోనసీమలో పాత లాకులు చూసినవాళ్లకు తెలుసు, ఇటుకల మధ్య సున్నం అరిగిన చోటల్లా ఫెర్న్ పుడుతుంది, నీళ్లు తగిలే వరస పొడుగునా నాచు పరుచుకుంటుంది, గట్టు మీది కొబ్బరి మానుల నిండా బూడిదరంగు లైకెన్ మచ్చలు. ‘లాకుల దగ్గర పచ్చదనం చూసి ఎన్నాళ్లయిందో’ అని ఒకరోజు మాటల్లో అన్నారు. ఆ మాట నా మనసులో ఉండిపోయింది. ఈ పేజీలో ‘లాకుల సెట్’ కనపడగానే మెసేజ్ పెట్టాను.

అప్పుడు ఎంత మర్యాద! వాయిస్ మెసేజ్‌లు ఇంకా నా ఫోన్‌లోనే ఉన్నాయి. ‘ఆయ్, మేడమ్‌గారండీ, బయటనుంచి తెచ్చింది ఒక్కటీ ఉండదండి. అన్నీ మా షెడ్‌లో పెంచినవేనండి. లైకెన్ అయితే రెండేళ్లు కదపకుండా ఉంచి అప్పుడిస్తామండి. మావయ్యగారికంటున్నారు కదండి, బాగా కుదురుకున్నవి ఏరి పంపిస్తానండి.’ మూడు కుండీలకి 2,400, కొరియర్ విడిగా. మొత్తం ముందే యూపీఐలో వేయమన్నాడు, వేశాను.

ఫెర్న్ సంగతి త్వరగా చెప్పేస్తాను. లాకుల గోడలకి పెరిగేది టెరిస్ విట్టాటా, నడిమి ఈనెకి అటూ ఇటూ సన్నటి పొడుగు ఆకులు వరసగా ఉంటాయి. సున్నం గోడలంటే దానికి ప్రాణం. రీల్‌లో చూపించింది అదే. వచ్చింది మాత్రం బోస్టన్ ఫెర్న్. ఏ నర్సరీలో అడిగినా చవగ్గా ఇస్తారు, దాని సొంత ఊరు అమెరికా ఖండం. మొక్క ఆరోగ్యంగానే ఉంది. నేను డబ్బులు కట్టింది దానికి కాదు, అంతే.

రెండో కుండీ నాచు. ఎంత పచ్చగా ఉందంటే చూడగానే సంతోషపడ్డాను. ప్రయాణంలో ఎండి ఉంటుందని, పట్టి ఉంచిన వాన నీళ్లు స్ప్రే చేశాను. మామూలు గోడ నాచు ఏం చేస్తుందో మీకు తెలుసు. ఎండకి ఆకులు లోపలికి చుట్టుకుపోయి నల్లగా మాడిపోయి కనిపిస్తుంది. మన గోడల మీద, కల్వర్టుల మీద ఎక్కువగా ఉండే హయోఫిలా అనే రకం అయితే మరీను. నీళ్లు పడిన కాసేపటికే ఆకులు విప్పుకుని పచ్చబడుతుంది. నాచుకి నిజమైన వేళ్లు ఉండవు, రాయిని పట్టుకోవడానికి సన్నటి నూగు ఉంటుందంతే. నీళ్లు ఆకులతోనే పీల్చుకుంటుంది కాబట్టే అంత తొందరగా తేరుకుంటుంది. ఇది విప్పుకోలేదు, ముడుచుకోలేదు. ఉన్నది ఉన్నట్టే ఉంది. కింద సాసర్‌లోకి మాత్రం ఆకుపచ్చ నీళ్లు దిగాయి. వేలితో నొక్కితే వేలికి రంగు, రంగుతో పాటు జిడ్డు. గోటితో పక్కన గీకి చూశాను. పైన పలచగా కొబ్బరి పొట్టు, దాని కింద థర్మాకోల్ ముక్క, ఆ ముక్కకి నాచుని గమ్ముతో అంటించి ఉంది.

గోడల డెకరేషన్ కోసం గ్లిజరిన్ పట్టించి రంగేసిన నాచు అమ్ముతారు, ప్రిజర్వ్‌డ్ మాస్ అంటారు. ఆ పేరుతో అమ్మితే అందులో తప్పేం లేదు. దానికి ప్రాణం ఉండదు, పెరగదు, నీళ్లు పోయకూడదు. దాన్ని బతికున్న నాచని చెప్పి అమ్మాడు. పైగా పెట్టెలో ‘రోజూ రెండుసార్లు నీళ్లు చిలకరించండి’ అని చీటీ!

మూడోది లైకెన్. పాత ఇటుక ముక్క మీద బూడిదరంగు రేకులు. నేనింకా నాచు దగ్గరే ఉన్నాను. అత్తయ్యగారు ఆ కుండీ చేతిలోకి తీసుకుని, ‘ఇదేంటమ్మాయ్, బిర్యానీ దినుసుల వాసనొస్తోంది’ అన్నారు. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. నిజమే. ఆవిడ ఒక రేకు పట్టుకుని లాగితే చటుక్కున ఊడొచ్చింది. పైన బూడిద, కింద నలుపు, అంచున గట్టిపడిన గమ్ము. రాతిపువ్వు! ఆవిడ వంటింట్లోంచి మసాలా డబ్బా తెచ్చి ఒక రేకు పక్కన పెట్టి చూపించారు. రెండూ ఒకటే.

రాతిపువ్వు కూడా లైకెనే, కాదనను. కానీ అది చల్లటి కొండ ప్రాంతాల్లో చెట్ల బెరడు మీద పెరుగుతుంది, వలిచి ఎండబెడితే కిరాణా కొట్టుకి వస్తుంది. మన కొబ్బరి మాను మీద ఉండే లైకెన్‌కీ దానికీ సంబంధమే లేదు. లైకెన్ అంటే ఒక శిలీంధ్రం, దాని లోపల ఆహారం తయారుచేసే శైవలం (ఆల్గే), రెండూ కలిసి బతికే జీవి. చాలా రకాలు ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లు మాత్రమే పెరుగుతాయి. అందుకే రెండేళ్లు పెంచి ఇస్తామంటే ఆ ధర న్యాయమేనని ఎవరికైనా అనిపిస్తుంది. కొట్టు పొట్లంలోంచి నాలుగు రేకులు తీసి ఇటుకకి అంటించి, అదొక్క కుండీకే 900 తీసుకున్నాడు.

వెంటనే ఫోన్ చేశాను. చేతులు తడిగా ఉన్నాయని స్పీకర్ పెట్టాను, మావయ్యగారి మంచం పక్కనే. నాచుకి రంగు దిగుతోందని చెప్పాను.

‘కొత్తల్లో కొంచెం దిగుద్దండి. ఫ్రెష్‌గా ఉండాలని స్ప్రే కొడతామండి.’

‘థర్మాకోల్ మీద అంటించి ఉంది కదండీ’ అన్నాను.

కాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత గొంతే మారిపోయింది. ‘ఏంటమ్మా, పీకి చూశావా? పీకినాక రిటర్న్ ఉండదు.’

‘రిటర్న్ సంగతి కాదు. బతికున్న నాచని చెప్పారు మీరు. మంచంలో ఉన్న పెద్దాయన చూసుకోవడానికని నేను ముందే చెప్పాను కదా.’

అప్పుడన్నాడు ఆ మాట. ‘మంచాన పడ్డ ముసలాయనకి బతికున్న నాచయితే ఏంటి, చచ్చిన నాచయితే ఏంటమ్మా? ఆయనేమన్నా లేచి ముట్టుకుంటాడా? పచ్చగా కనపడితే చాల్దా?’

మావయ్యగారికి మాట ముద్దగా వస్తుంది గానీ చెవులూ తెలివీ శుభ్రంగా ఉన్నాయి. అంతా విన్నారు. ‘పెట్టెయ్యమ్మా’ అన్నారు. నేను పెట్టెయ్యలేదు. ‘ఆయన వింటున్నారు, ఆయనకి క్షమాపణ చెప్పండి’ అన్నాను. నవ్వాడండీ. నవ్వి కట్ చేశాడు. మళ్లీ చేస్తే బ్లాక్. ఇన్‌స్టాలోనూ బ్లాక్.

డబ్బు పోయిన బాధ వేరు, ఈ బాధ వేరు. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ చేతులు వణుకుతున్నాయి. మావయ్యగారి సంగతంతా అతనికి తెలుసు. తెలిసే, మంచంలో ఉన్న మనిషి ఎలాగూ పట్టుకుని చూడలేరని లెక్కేసుకుని పంపాడు. ఇది నా అనుమానం కాదు, అతని నోటితోనే వచ్చింది. చచ్చిన నాచయితే ఏంటని అడిగాడు కదా, చెప్తాను. రోజంతా ఒకే కిటికీ చూస్తూ ఉండే మనిషికి కళ్ల ముందు మారేది ఏదో ఒకటి ఉండాలి. నాచు పొద్దున తడికి విప్పుకుంటుంది, మధ్యాహ్నం ముడుచుకుంటుంది, అదనులో సన్నటి కాడలు లేచి వాటి చివర బీజకోశాలు వస్తాయి. ఫెర్న్ కొత్త ఆకు చుట్ట విప్పుకుంటూ రావడం రోజూ కాస్త కాస్త చూడొచ్చు. ఎండాకాలం కాలువలు కట్టేశాక, నీళ్లు ఎక్కడిదాకా నిలిచాయో గోడ మీది నాచు వరస చూసి చెప్పేవారు మా మావయ్యగారు. బతికున్న నాచు ఏదో, కానిది ఏదో అతనికన్నా ఆయనకే ఎక్కువ తెలుసు. అలాంటి మనిషి ముందు రంగేసిన పీచు పెట్టి సరిపెట్టుకోమనడానికి ఎంత ధైర్యం!

బ్యాంకులో అడిగితే, డబ్బు మీరే పంపారు కాబట్టి వెనక్కి తేలేం అన్నారు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద 5 లక్షల లోపు విలువైన కేసుకి ఫీజు కూడా లేదు, ఆన్‌లైన్‌లోనే వేయొచ్చు. 2,400 కోసం ఇంత టెన్షన్ ఎందుకని చుట్టాలు అంటున్నారు. అలా అందరూ ఊరుకోబట్టే అతని రీల్స్ నడుస్తున్నాయి.

ఇంకో మాట. అతని పేజీలో కడియం అని రాసుకున్నాడు. కడియం, కడియపులంక, వేమగిరి, బుర్రిలంక నర్సరీల వాళ్లని దీంట్లోకి లాగకండి. మేం ఎప్పుడూ వెళ్లే నర్సరీ ఆయన్ని విచారిస్తే అలాంటి షెడ్ ఇక్కడ లేదన్నారు, మా ఊరి పేరు చెడగొడుతున్నాడని ఆయనా బాధపడ్డారు. నీళ్ల తొట్టి గోడకి వాటంతట అవి మొలిచిన టెరిస్ పిల్లలు చూపించి, కావలసినన్ని తీసుకెళ్లమన్నారు. డబ్బులు పుచ్చుకోలేదు.

అదే పేజీలో ‘మారేడుమిల్లి వైల్డ్ కలెక్షన్’ అని ఇంకో సెట్ ఉంది. అది నిజంగా అడవి నుంచి తెచ్చిందే అయితే ఇంకా ఘోరం. రిజర్వ్ ఫారెస్టులోంచి అనుమతి లేకుండా మొక్క పీకినా 1967 అటవీ చట్టం కింద నేరమే. పాపికొండల నేషనల్ పార్కులో అయితే 1972 వన్యప్రాణి చట్టం కూడా వర్తిస్తుంది. రాయి మీద నుంచి ఒకసారి గీకేసిన లైకెన్ మళ్లీ అంత కావాలంటే ఎన్నేళ్లో. అలాంటివి నిజమైనా కొనకండి.

కొనేవాళ్లకి నాకు తెలిసిన నాలుగు ముక్కలు. నాచు కుండీ అయితే, ఎండిన నాచు మీద నీళ్లు చల్లి కదలిక కనపడేదాకా ఆపకుండా తీసిన వీడియో అడగండి. తెల్ల టిష్యూ పేపర్ అద్ది చూపించమనండి, రంగు అంటితే వదిలేయండి. ఫెర్న్ అయితే ఆకు తిరగేసిన ఫొటో అడగండి. టెరిస్‌కి గోధుమరంగు బీజాలు ఆకు అంచు వెంట గీతగా ఉంటాయి, బోస్టన్ జాతికి చుక్కలు చుక్కలుగా వరసలో ఉంటాయి. అవి తెగులు కాదు, భయపడి మందు కొట్టకండి. రంగురంగుల్లో మెత్తగా గుబురుగా ఉండే ‘రైన్‌డీర్ మాస్’ అని ఒకటి అమ్ముతారు. అది అసలు నాచే కాదు, చలిదేశాల లైకెన్, దుకాణంలో దొరికేది గ్లిజరిన్ పట్టించి రంగేసిందే.

నాచు పెంచాలనుంటే కొనక్కర్లేదు. వానాకాలంలో మీ సొంత గోడ మీదిది బొటనవేలంత తీసుకుని పాత ఇటుక ముక్క మీద నొక్కి పెట్టండి, మిగతాది గోడకే వదిలేయండి. నీడ, వాన నీళ్లు చాలు, ఎరువు వద్దు. సముద్రం వైపు మండలాల వాళ్లు బోరు నీళ్లు పోయకండి, ఉప్పుకి మాడిపోతుంది. లైకెన్ అయితే గాలికి రాలిపడిన మామిడి పుల్ల మీద ఉన్నది ఉన్నట్టు తెచ్చి, వెలుతురు తగిలే చోట కుండీలో గుచ్చండి. బెరడు నుంచి వలవకండి.

ఇప్పటికే ఆర్డర్ పెట్టి పార్సెల్ కోసం చూస్తున్నవాళ్లు, పెట్టె విప్పేటప్పుడు మొదటి నుంచి చివరిదాకా ఆపకుండా వీడియో తీయండి. చాట్‌కి ఇవాళే స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి, నాకు పంపిన మెసేజ్‌లు అతను ఒక్కొక్కటిగా చెరిపేస్తున్నాడు.