16 నెలల ప్రెషర్ సాక్స్: నా కోపమంతా ఆ పై పట్టీ మీదే

కాలి వాపు తగ్గడానికి పిక్కని నొక్కిపట్టే ఈ సాక్స్ రంగు, ధర, వేళ్లు తెరిచి ఉండేవా మూసి ఉండేవా లాంటివన్నీ ఇప్పటికే చాలామంది రాశారు. నేను మోకాలి కింద బిగిసే ఆ పై పట్టీ గురించే చెప్తాను.

విజయవాడ వస్త్రలతలో మాది చీరల హోల్‌సేల్ కొట్టు. చీలమండ విరిగి 6 వారాలు కట్టుతో ఉన్నాను. అది విప్పిన మర్నాడే కొట్లో పరుపు మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. నాలుగో రోజుకి ఎడమ పిక్క రాయిలా అయింది. రక్తం పారే తీరు చూపించే డాప్లర్ స్కాన్‌లో లోపలి సిరలో రక్తపు గడ్డ కనిపించింది. పిక్క కండరం పిండుతుంటేనే అక్కడి రక్తం పైకి ఎక్కుతుందట, వెనక్కి జారకుండా మధ్యమధ్య కవాటాలుంటాయట. కాలు కదలకపోతే ఆ కవాటాల వెనక రక్తం నిలిచిపోయి, అక్కడే గడ్డ మొదలవుతుంది. బందరు కాలవలో నీళ్లు పారని మూల గుర్రపుడెక్క పేరుకున్నట్టన్నమాట. పైగా ఎముక విరిగినప్పుడు రక్తం మామూలుకన్నా తొందరగా గడ్డకడుతుందట.

డాక్టరు రాసిచ్చిన ఈ సాక్స్ వేసిన మొదటి రెండు నెలలూ అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ వాటి గొప్పే చెప్పాను. సాయంత్రానికి చెప్పులో పట్టని పాదం పట్టేది మరి.

అంతలో శ్రావణమాసం వచ్చింది. కొట్లో ఊపిరి సలపని బేరాలు. పట్టీ జారిపోతుంటే విసుగొచ్చి పైన ఒక మడత వేసుకుని కూర్చున్నాను. రాత్రి కొట్టు కట్టి విప్పి చూస్తే మోకాలి కింద వేలు పట్టేంత గాడి, దాని కింద కాలు అరటిబోదెలా ఉంది. మళ్లీ గడ్డే అనుకున్నాను. గడ్డ ముక్క ఊపిరితిత్తులకి పాకితే ప్రాణం మీదికొస్తుందని విన్న మా ఆవిడ, ఆటోలో దారంతా "ఆయాసంగా ఉందా?" అని అడుగుతూనే ఉంది.

కొత్త గడ్డ లేదు. తప్పు మడతది. చీలమండ దగ్గర ఎక్కువగా, పైకి పోయేకొద్దీ తక్కువగా నొక్కాల్సిన సాక్స్, మడత పడేసరికి పైనే తాడు బిగించినట్టు బిగించేసింది. అసలు అది జారడానికి కారణం సైజు. అమ్మినాయన రాత్రి 7 గంటలకి, వాచిన కాలికి టేపు పెట్టాడు. పొద్దున లేవగానే కొలవాలట. మార్చమంటే వాడిన సరుకు వెనక్కి తీసుకోనన్నాడు. ఉతికిన చీర నేనూ వెనక్కి తీసుకోను, అయినా కోపం పోలేదు.

పొద్దున్నే కొలిపించి కొన్న రెండో జత జారడం లేదు. కాకపోతే రబ్బరు గ్లవ్స్ వేసుకుంటే గానీ ఎక్కదు. మే నెల బెజవాడ ఎండల్లో మధ్యాహ్నం విప్పి పారేశాను.

వాపు తగ్గిన ఘనతంతా సాక్స్‌దే అన్నాను గానీ, రక్తం పల్చబడే మాత్రలూ, కాలవగట్టు మీద నడకా కూడా ఆ రోజుల్లోనే మొదలయ్యాయి. 2014లో కెనడా, అమెరికాల్లో 800 మందికి పైగా రోగులపై చేసిన పరీక్షలో, గడ్డ తర్వాత ఏళ్ల తరబడి వేధించే వాపూ నొప్పీ రాకుండా ఈ సాక్స్ ఆపలేదని తేలింది. నాకు మాత్రం సాయంత్రానికి కాలు తేలిగ్గానే ఉంటోంది. రోజంతా కూర్చునే పని నాది, డాక్టరు రాసిచ్చారు, కొన్నాను. కాళ్లకి రక్తం సరిగా అందనివాళ్లు, షుగరుతో స్పర్శ తగ్గినవాళ్లు నా మాట మీద కొనకండి.

ఈ శ్రావణానికి కొట్లో ఎత్తుబల్ల వేయించాను. నాన్నగారి నాటి పరుపు తీసేశానని పాత ఖాతాదారులు అలిగారు. పట్టీ మాత్రం నెలంతా కలిపి ఒక్కసారే జారింది.