స్టీమ్ డెక్‌కి ఏ ప్యాడ్ మేలు: డ్యూయల్‌సెన్సా, ఎక్స్‌బాక్సా, డాంగిల్‌దా?

స్టీమ్ డెక్ అంటే చేతిలో పట్టుకుని ఆడే గేమింగ్ కంప్యూటర్. అది చేతిలో ఉన్నంతసేపు వేరే ప్యాడ్ (గేమ్ కంట్రోలర్) ఎందుకనే ఆలోచనే రాదు. డాక్ అనే స్టాండులో పెట్టి, టీవీకి కలిపి, సోఫాలో వెనక్కి వాలాకే అసలు ప్రశ్న. మన దేశంలో డెక్‌ని అధికారికంగా అమ్మరు, బయట నుంచి తెప్పించుకునేసరికే జేబు సగం ఖాళీ. ప్యాడ్ దగ్గర మళ్లీ చేతులు కాల్చుకోవడం ఎందుకు?

నా ఓటు డ్యూయల్‌సెన్స్‌కి, అంటే సోనీ ప్లేస్టేషన్ 5 ప్యాడ్‌కి. ఎందుకంటే జైరో, అంటే ప్యాడ్ వంపుని పసిగట్టే సెన్సర్. డెక్‌ని కాస్త వంచి గురి సరిచేసుకోవడం అలవాటైన చేతికి, జైరో లేని ప్యాడ్ ఇస్తే ఏదో పోగొట్టుకున్నట్టే ఉంటుంది. పైగా దీని మధ్యలో ఉన్న టచ్‌ప్యాడ్‌ని స్టీమ్‌లో ఎడమ, కుడి సగాలుగా విడగొట్టి వాడుకోవచ్చు. డెక్ రెండు ట్రాక్‌ప్యాడ్‌లకి అంతో ఇంతో బదులు. డెక్ నడిచేది లినక్స్ మీద. ఈ ప్యాడ్‌ని లినక్స్ గుర్తుపట్టేలా చేసే డ్రైవర్ సోనీ వాళ్లే ఇచ్చారు, 2021లో లినక్స్ మూలభాగమైన కెర్నల్ 5.12లో చేరింది. అందుకే ఏదీ ఇన్‌స్టాల్ చేసే పని లేదు. క్రియేట్, పీఎస్ బటన్లు రెండూ కలిపి నొక్కి పట్టుకుంటే లైటు టపటపా కొట్టుకుంటుంది. సెట్టింగ్స్‌లో బ్లూటూత్ తెరిచి పేరు మీద నొక్కితే సరి.

లోటు లేదా అంటే, ఉంది. బ్యాటరీ తొందరగా ఖాళీ అవుతుంది. వైర్ లేకుండా మామూలు వైబ్రేషన్ వస్తుంది కానీ, ఈ ప్యాడ్ ఇచ్చే సన్నటి స్పర్శల హంగామా (హాప్టిక్స్) కావాలంటే చాలా గేముల్లో కేబుల్ పెట్టాల్సిందే.

ఎక్స్‌బాక్స్ ప్యాడ్‌కి జైరో లేదు, నాకు అక్కడే సగం ఆసక్తి పోయింది. రెండు పెన్సిల్ సెల్స్ మార్చుకుని ఆటలోకి వెళ్లిపోవడం మాత్రం హాయి. దీని ఫర్మ్‌వేర్ అప్‌డేట్‌కి విండోస్ గానీ ఎక్స్‌బాక్స్ గానీ కావాలి. లినక్స్ ఒక్కటే ఉన్న ఇంట్లో పక్కింటి లాప్‌టాప్ అడగాలన్నమాట. సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాళ్లు ఒకటి చూసుకోండి: తొలినాటి ఎక్స్‌బాక్స్ వన్ ప్యాడ్‌లలో బ్లూటూత్ లేదు. లోగో బటన్ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ పై అంచు బటన్ల (బంపర్ల) ముక్కతో కలిసి ఉంటే అది పాతదే.

ఇక డాంగిల్ ప్యాడ్‌లు, అంటే యూఎస్‌బీలో గుచ్చే చిన్న రిసీవర్‌తో కలిసేవి. బ్లూటూత్ గొడవ ఉండదు, బటన్ నొక్కిన వెంటనే పలుకుతాయి. కానీ చాలావరకు డెక్ ముందు ఎక్స్‌బాక్స్ ప్యాడ్ వేషం వేస్తాయి, ఆ వేషంలో జైరోకి చోటు లేదు. పైగా డెక్‌కి ఉన్నదే ఒక్క టైప్-సీ పోర్టు. డాక్ లేకుండా డాంగిల్ పెడితే ఛార్జింగ్‌కి దారి మూసేసినట్టే. డాక్ ఉన్నా యూఎస్‌బీ 3 పరికరాల పక్కన డాంగిల్ సిగ్నల్ తడబడొచ్చు. చిన్న ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో దూరంగా పెట్టండి. డెక్ ఎప్పుడూ టీవీ పక్కనే ఉండే ఇల్లయితే, జైరో అక్కర్లేకపోతే, ఇదే కొనమంటాను.

మా ఇంట్లో మొదటి వారం డ్యూయల్‌సెన్స్ తెగ ఆగిపోతుంటే ప్యాడ్‌నే తిట్టుకున్నాను. తప్పు వైఫైది, బ్లూటూత్ నడిచే 2.4 గిగాహెర్ట్జ్‌లోనే అదీ నడుస్తోంది. వైఫైని 5 గిగాహెర్ట్జ్‌కి మార్చగానే కుదురుకుంది. ఇంకో చిక్కు, చాలా గేములు డెక్ సొంత బటన్లనే మొదటి ఆటగాడిగా లెక్కేస్తాయి. తమ్ముడు ప్యాడ్ పట్టుకుని "నా బొమ్మ కదలట్లేదురా" అంటే, స్టీమ్ మెనూలో కంట్రోలర్ల వరుస మార్చి చూడండి.