కార్తీక వనభోజనాలకు విశాఖలో ఎక్కడ ఏమి కొనాలి: ఏళ్ల అనుభవంతో ఒక సమీక్ష

ఏటా కార్తీకమాసంలో మా అన్నదమ్ముల కుటుంబాలన్నీ కలిసి, ఇరవై మందికి తగ్గకుండా, కంబాలకొండకో భీమిలి వైపు తోటలకో వనభోజనాలకు వెళతాం. సరుకులు కొనే పని చాలా ఏళ్లుగా నాదే. అన్నీ ఒకేచోట దొరికే పెద్ద దుకాణాలు నగరం నిండా వచ్చాయి, అక్కడా కొని చూశాను. అయినా ఈ ఒక్క రోజుకు కావలసినవి మాత్రం రైతు బజారులో, మా వీధి కిరాణా కొట్టులో, పూర్ణా మార్కెట్‌లో, గిరిజన సహకార సంస్థ దుకాణంలోనే కొంటాను. తిరుగుడు ఎక్కువే. కానీ విస్తరి ముందు కూర్చున్నప్పుడు తేడా తెలుస్తుంది.

కంబాలకొండ అభయారణ్యం. అక్కడ పొయ్యి వెలిగించకూడదు. వంటంతా తెల్లవారుజామునే ఇంట్లో ముగించాలి, మధ్యాహ్నం దాకా అది చెడకూడదు. అందుకే మా వంటకాలు పులిహోర, దద్దోజనం, ఆవపెట్టిన కందాబచ్చలి, పూర్ణం బూరెలు. ఏ సరుకు ఎక్కడ కొనాలన్నది వీటిని బట్టే తేల్చుకుంటాను.

ముందుగా చింతపండు. దీనికి గిరిజన సహకార సంస్థ దుకాణాన్ని మించినది నాకు కనిపించలేదు. 1956లో ఏర్పడిన ఈ సంస్థ ప్రధాన కార్యాలయం విశాఖలోనే ఉంది. ఏజెన్సీ గ్రామాల్లో గిరిజనులు సేకరించిన చింతపండు, తేనె, కుంకుడుకాయలు ఇక్కడికి వస్తాయి. చింతపండు వేసవి పంట కనుక కార్తీకానికి కాస్త రంగు తిరిగి ఉంటుంది. పులిహోరకు అదే బాగుంటుంది, గుజ్జు చిక్కగా దిగుతుంది. కిలోన్నర బియ్యానికి 200 గ్రాములు చాలు. ఈ దుకాణాలతో నాకున్న ఇబ్బంది ఒక్కటే: వెళ్లిన ప్రతిసారీ అన్ని సరుకులూ ఉండవు. తేనె కోసం వెళితే సబ్బులే మిగిలి ఉన్న సందర్భాలు ఉన్నాయి. పండుగ ముందు రోజు దాకా ఆగకుండా వారం ముందే వెళ్లండి.

కూరగాయలకు రైతు బజారు. 1999 జనవరి 26న మొదలైన ఈ బజార్లలో నాకు అన్నింటికన్నా నచ్చేది గుమ్మం దగ్గరి ధరల బోర్డు. రోజూ ఉదయం ధరలు ఖరారు చేసి రాస్తారు, బేరం పెట్టే శ్రమ ఉండదు. కార్తీకంలో మాంసం మానేసే ఇళ్లు ఎక్కువ, పైగా అయ్యప్ప దీక్షల కాలం. కూరగాయల గిరాకీ అమాంతం పెరుగుతుంది, బయటి బండ్ల మీద ధరలు ఇష్టం వచ్చినట్టు ఉంటాయి. అప్పుడు ఈ బోర్డు విలువ తెలుస్తుంది. కంద కొనేటప్పుడు ముక్క కోయించి చూడండి, లోపల నల్లమచ్చలు ఉంటే వద్దు. బచ్చలి కట్టలు ఉదయం ఏడు లోపు అయితేనే లేతగా దొరుకుతాయి. అరకు, అనంతగిరి వైపు నుంచి వచ్చే సీతాఫలాలు ఈ రోజుల్లోనే వస్తాయి. పండినవి కాకుండా కళ్లు విచ్చుకున్న గట్టి కాయలు రెండు రోజుల ముందు తీసుకుంటే ప్రయాణంలో నలగవు. ఆదివారం ఉదయం మాత్రం రైతు బజారుకు వెళ్లకండి. రద్దీలో ఏరుకునే తీరిక ఉండదు, మంచి సరుకు చేతికి రాదు. శనివారం వేకువే సరైన సమయం.

ఇక విస్తళ్లు. వీటి గురించి ఎంత చెప్పినా తక్కువే. 2022 జూలై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ పళ్లాలు, గ్లాసులు, చెంచాలపై దేశమంతటా నిషేధం ఉంది. నా మట్టుకు నాకు నిషేధం లేకపోయినా అడవిలోకి ప్లాస్టిక్ తీసుకెళ్లడం తప్పే. పూర్ణా మార్కెట్ చుట్టుపక్కల అడ్డాకు విస్తళ్లు కట్టలుగా దొరుకుతాయి. పుల్లలతో చేత్తో కుట్టినవీ ఉంటాయి, యంత్రంతో అచ్చు వేసినవీ ఉంటాయి. పులిహోరకు, బూరెలకు కుట్టినవే అందం. పలుచని పదార్థాలు వడ్డించేటట్లయితే అచ్చు వేసినవి తీసుకోండి. కొనే ముందు కట్ట మధ్యలోంచి ఒక విస్తరి లాగి వెలుతురుకు అడ్డం పెట్టి చూడండి, చిల్లులు అక్కడే బయటపడతాయి. పైన మంచివి, మధ్యలో విరిగినవి పెట్టే దుకాణాలు లేకపోలేదు. మరీ ఎండిన ఆకు మడతపడగానే పగులుతుంది కనుక బయలుదేరే ముందు నీళ్లు చిలకరించి తడిగుడ్డలో చుట్టాలి.

అరటిపండ్లూ పూర్ణా మార్కెట్‌లోనే కొంటాను. అమృతపాణి రుచికి సాటి లేదు. కానీ పండాక గెల నుంచి రాలిపోతుంది, బుట్టలో పెడితే చితుకుతుంది. దూరం వెళ్లేవారికి కర్పూర చక్కెరకేళి మేలు. అక్కడ బండి నిలపడానికి చోటు దొరకదు, ఆటోలో వెళ్లడమే సుఖం.

కిరాణాకు మా వీధి కొట్టు. యాభై గ్రాముల ఆవాలు, వంద గ్రాముల జీడిపప్పు, పావుకిలో శనగపప్పు, ఏది ఎంత కావాలంటే అంతే తూచి ఇస్తారు. పెద్ద దుకాణంలో పొట్లం ఎంత ఉంటే అంత కొనక తప్పదు. పులిహోరకని చెబితే చాలు, కొట్టతను పాత సోనా మసూరి తీసి ఇస్తాడు. అన్నం పొడిపొడిగా వస్తుంది. విప్పని పొట్లాలు మర్నాడు వెనక్కి తీసుకుంటాడు కూడా. ధర కిలోకు రెండు మూడు రూపాయలు ఎక్కువే, దానికి నేను బాధపడను.

పెరుగు బయట కొనను. పాలు తెచ్చి ఇంట్లోనే తోడు పెడతాను. దద్దోజనానికి వేడి అన్నంలో పాలు ఎక్కువ, పెరుగు తక్కువ కలిపితే మధ్యాహ్నానికి పుల్లబడకుండా సరిగ్గా తోడుకుంటుంది.

మిఠాయిల విషయంలో మాత్రం స్థానిక దుకాణాలకు నా మార్కులు తక్కువ. 2020 అక్టోబరు నుంచి విడిగా అమ్మే మిఠాయిల దగ్గర ఏ తేదీలోగా తినాలో రాసి పెట్టాలి. నేను చూసిన చాలా చోట్ల ఆ చీటీ కనిపించదు. ఒక దుకాణంలో తేదీ అడిగితే విసుక్కున్నారు, ఇంటికి తెచ్చిన లడ్డూలు నూనె కంపు కొట్టాయి. పిల్లలకు పెట్టేవి కనుక అప్పటి నుంచి బూరెలు ఇంట్లోనే చేస్తున్నాం. మీకు వీలు కాకపోతే తేదీ రాసి ఉన్నచోటే కొనండి, రాసి లేకపోతే మొహమాటపడకుండా అడగండి.