రైల్లో వీల్‌చెయిర్ పట్టే బాత్‌రూమ్ ఒక్కటే ఉంటే ఏమవుతుందంటే

చాలా ఏళ్ళుగా రాత్రి రైళ్ళల్లో వీల్‌చెయిర్‌తోనే తిరుగుతున్నా. ర్యాంపు, ముందే చెప్పి పెట్టుకోవడం, బుకింగ్ ఇవన్నీ అందరికీ తెలిసినవే, వదిలేస్తున్నా. నాకు కోపం ఒక్కదాని మీదే, రైలు మొత్తానికీ వీల్‌చెయిర్ పట్టే బాత్‌రూమ్ ఒక్కటే పెట్టడం.

బాత్‌రూమ్ బాగుండదని కాదు. లోపల చెయిర్ గుండ్రంగా తిప్పుకోడానికి 1.5 మీటర్ల జాగా, కమోడ్ పక్కన మడిచే కడ్డీ, బటన్ నొక్కితే జరిగే తలుపు. మొదట్లో ఇవి చూసి అడిగినవాళ్ళందరికీ విమానం కంటే రైలే నయమని చెప్పేవాణ్ణి, మన చెయిర్ ఎవరి చేతిలోనూ పెట్టక్కర్లేదు కదా. ఆ మాట ఇప్పుడూ అంటాను, కానీ ముందు బాత్‌రూమ్ సంగతి కనుక్కోమని కూడా చెప్తున్నా.

ఒక రాత్రి అందరూ పడుకున్నాక వెళ్తే తలుపు మీద ఎర్ర లైటు. లోపల ఎవరో ఉన్నారనుకుని చాలాసేపు ఆగా, తీరా చూస్తే ఎవరూ లేరు, టాంకు నిండిపోయింది. వాక్యూమ్ టాయిలెట్లలో మురుగు పట్టాల మీద పడదు, టాంకులో చేరుతుంది, అది నిండితే టాయిలెట్ దానంతటదే ఆగిపోతుంది, ఖాళీ చేసేదాకా అంతే. అందులో తప్పేం లేదు, పట్టాలు శుభ్రంగా ఉండాల్సిందే. కానీ మిగతావాళ్ళు పక్క బోగీకి పోతారు, నేనెక్కడికి పోను? మధ్యలో నడవ నా చక్రాల కంటే సన్నం.

అటెండెంట్ మంచివాడే, పాపం ఫోన్ల మీద ఫోన్లు చేశాడు. రైలు కాసేపు ఆగే స్టేషన్లో దించి తీసుకెళ్తామన్నారు, అది ఇంకా గంటల దూరం. వెన్నుపూస దెబ్బతిన్నవాళ్ళకి బ్లాడర్ నిండితే అది ఓర్చుకునే విషయం కాదు, దెబ్బ ఛాతీ పైభాగంలోనో మెడలోనో అయితే బీపీ ఒక్కసారిగా పెరిగి ప్రాణం మీదకొస్తుంది. నాది నడుం దగ్గర, పైగా కాథెటర్, అంటే మూత్రం బయటికి తీసే సన్న గొట్టం, వాడతా, కాబట్టి బెర్తు పరదా లాక్కుని బ్యాగ్ తగిలించుకుని పని కానిచ్చా. ఎదుటి బెర్తాయన అడక్కుండానే లేచి బయటికెళ్ళి నిలబడ్డాడు, ఆ మర్యాద మర్చిపోను. కానీ టికెట్ కొన్నవాడు పరదా చాటున ఇలా కానిచ్చుకోవాల్సి రావడం ఏంటండీ?

ఇందుకే మనలో చాలామంది ముందు రోజు నుంచే నీళ్ళు తాగడం తగ్గించేస్తారు, దాంతో యూరిన్ ఇన్ఫెక్షన్ పట్టుకుంటుంది. నేనూ అదే చేసేవాణ్ణి, డాక్టర్ గట్టిగా వద్దన్నారు. ఇప్పుడు ఎక్కేముందే టాంకు ఖాళీ చేశారా అని అడుగుతా, స్పేర్ బ్యాగులు పెట్టుకుంటా. టాంకు ముప్పావు నిండగానే సిబ్బందికి తెలిసేలా చేసి, అప్పటి నుంచి ఆ బాత్‌రూమ్‌ని వీల్‌చెయిర్ వాళ్ళకే ఉంచినా చాలు.

నేనైతే మళ్ళీ ఎక్కుతా, రాత్రంతా చెయిర్లోనే కూర్చుంటే నాకు పుండ్లు పడతాయి, పడుకునే వీలు రైల్లోనే ఉంది. కమోడ్ తప్ప వేరే దారి లేనివాళ్ళు మాత్రం పగటి రైలు చూసుకోండి, మధ్యలో దిగి వెళ్ళేలా.