లివింగ్ వేజ్ గుర్తింపు: గంట రేటు బాగుంది, గంటల మాటేమిటి?

బ్రిటన్‌లో కొన్ని కార్యాలయాల గుమ్మం దగ్గర కనిపించే ‘లివింగ్ వేజ్ ఎంప్లాయర్’ ఫలకం బతుకు ఖర్చులకు సరిపడే వేతనం (లివింగ్ వేజ్) ఇస్తామని ఒప్పుకున్న యాజమాన్యాలకు లివింగ్ వేజ్ ఫౌండేషన్ ఇచ్చే గుర్తింపుకు చిహ్నం. 2011లో ఏర్పడిన ఈ సంస్థ యాజమాన్యాల నుంచి ఏటా రుసుము తీసుకుని ఈ సేవ అందిస్తోంది. రుసుము కట్టేది యజమానే అయినా ప్రయోజనం దక్కవలసింది తక్కువ జీతపు కార్మికుడికి కనుక, ఈ సమీక్షలో దాని మంచిచెడ్డలను కార్మికుడి వైపు నుంచే చూస్తున్నాను.

2026 ఏప్రిల్ నుంచి 21 ఏళ్లు నిండినవారికి చట్టం నిర్ణయించిన కనీస వేతనం గంటకు 12.71 పౌండ్లు. అద్దె, తిండి, రవాణా వంటి నిజమైన ఖర్చులను లెక్కకట్టి ఫౌండేషన్ ప్రకటించిన రేటు లండన్‌లో 14.80, మిగతా దేశంలో 13.45 పౌండ్లు, పైగా ఇది 18 ఏళ్ల నుంచే వర్తిస్తుంది. వారానికి 37.5 గంటలు పనిచేసే లండన్ కార్మికుడికి ఈ తేడా ఏడాదికి 4,000 పౌండ్లు దాటుతుంది. 2016లో ప్రభుత్వం తన కనీస వేతనానికే ‘నేషనల్ లివింగ్ వేజ్’ అని పేరు పెట్టడంతో రెండింటినీ ఒకటిగా పొరబడేవారు ఎక్కువయ్యారు. ఉద్యోగ ప్రకటనలో ఆ పేరు కనిపించినా అంకె చూడనిదే నమ్మకూడదు.

ఈ సేవలో నన్ను అన్నిటికన్నా మెప్పించినది కాంట్రాక్టు సిబ్బందికి సంబంధించిన షరతు. ఒక సంస్థ ఆవరణలో వారానికి రెండు గంటలు లేదా అంతకన్నా ఎక్కువగా, వరుసగా ఎనిమిది వారాలు లేదా ఆపైన పనిచేసేవారు వేరే ఏజెన్సీ జీతగాళ్లే అయినా, వారికీ ఈ రేటు అందేలా చూసే బాధ్యత గుర్తింపు పొందిన సంస్థదే. అందరూ ఇళ్లకు వెళ్లాక వచ్చి అంతస్తులు తుడిచే క్లీనర్లు, రాత్రి కాపలా కాసే గార్డులు సాధారణంగా ఏజెన్సీల కిందే ఉంటారు. టెండరులో తక్కువకు పాడుకున్న ఏజెన్సీ ముందుగా కోసేది వారి కూలినే. ఈ షరతు ఎవరో దయతలచి పెట్టినది కాదు. 2001లో తూర్పు లండన్‌లోని చర్చిలు, మసీదులు, పాఠశాలలు, కార్మిక సంఘాలు కలిసి మొదలుపెట్టిన ఉద్యమం ఆసుపత్రుల, బ్యాంకుల క్లీనర్ల కోసమే పోరాడింది. 2003లో హెచ్‌ఎస్‌బీసీ వాటాదారుల సమావేశంలో ఆ బ్యాంకు భవనాన్ని శుభ్రం చేసే రాత్రిపూట క్లీనరు ఒకరు లేచి, ఛైర్మన్ ఎదుటే తమ వేతనం సంగతి అడిగారు.

అయితే ఉన్న కాంట్రాక్టుల గడువు తీరేదాకా ఈ రేటును దశలవారీగా అమలు చేసుకునే వెసులుబాటు యాజమాన్యాలకు ఉంది. ఫలకం ఈరోజే గోడ ఎక్కవచ్చు, దాన్ని తుడిచే మనిషికి పెంపు మాత్రం తరువాతెప్పుడో రావచ్చు. ఇదంతా స్వచ్ఛంద ఒప్పందమే తప్ప చట్టం కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి.

అంతకన్నా పెద్ద లోపం పని గంటలది. లండన్‌లో 14.80 చొప్పున వారానికి పది గంటలే దొరికితే చేతికొచ్చేది 148 పౌండ్లు. కనీస వేతనం మీదైనా పదహారు గంటలు దొరికితే 203 పౌండ్లు వస్తాయి. రేటు పెంచి గంటలు కోసే యజమానిని ఈ ఫలకం ఒక్కటే అడ్డుకోలేదు. ఫౌండేషన్ దీన్ని గమనించింది కాబట్టే 2019లో ‘లివింగ్ అవర్స్’ పేరుతో మరో గుర్తింపు తెచ్చింది: వారానికి కనీసం 16 గంటల పని హామీ, నాలుగు వారాల ముందే షిఫ్టుల సమాచారం, నిజంగా చేసే గంటలకు సరిపోయే ఒప్పందం. కానీ దాన్ని విడిగా, ఐచ్ఛికంగా ఉంచారు. నా దృష్టిలో రెండింటినీ విడదీయడమే పొరపాటు.

ఐదుకు మూడున్నర ఇస్తాను. ఉద్యోగం వెతుక్కునేవారు ఫౌండేషన్ వెబ్‌సైట్‌లోని జాబితాలో సంస్థ పేరు చూసుకుని, ఇంటర్వ్యూలో గంట రేటుతోపాటు ఒప్పందంలో ఎన్ని గంటలు రాసి ఇస్తారో కూడా అడగడం మేలు.